పన్నెండు పేజీల ఒండ్రు

శనివారంలోగా నింపి పంపమన్నారు మండలం నుంచి.
బాలల అద్భుత కథలు: ఇతివృత్త విశ్లేషణ.
మూడు గళ్లు.
కథ పేరు. అందులోని విలువ.
విద్యార్థి స్పందన, ఒక్క వాక్యంలో.

మా లంక బడికి గ్రంథాలయమంటే ఒక ఇనుప బీరువా.
ఆగస్టులో వశిష్ఠ లోపలికొచ్చి
కింది రెండు అరలూ చదివి వెళ్లింది.
ధాన్యం ఆరబోసే బరకాల మీద, ఏటిగట్టున,
నాలుగు రోజులు ఎండబెట్టాం పుస్తకాల్ని.
అట్టలు వంగాయి. అన్నిటి మీదా ఒకే ఎత్తున బురద గీత.
ఆ గీత చూసి పిల్లలు
ఏ పూట నీళ్లో చెప్పేస్తారు.

అందులో ఒకటి, ఏడో తరగతి ఎప్పుడూ అడిగేది:
పేటికలో నిద్రపోయే ఊరు,
దాని తాళంచెవి మింగిన చేప,
చేప కోసం బయల్దేరిన తల్లిలేని పిల్ల.
చివరి పన్నెండు పేజీలు ఒండ్రుకి అతుక్కుని
ఒక్క పలకైపోయాయి.
బ్లేడుతో విడదీయబోతే
అక్షరాలు పక్క పేజీకి వలసపోయాయి, తిరగబడి,
అద్దంలో రాతలా.

నా చదువు నాకు నేర్పిందే నల్లబల్ల మీద రాశాను:
తలుపంటే ఎదగడం. అడవంటే భయం.
రాక్షసుడు మన లోపలి కోపం.
తల్లిని మొదటి పేజీలోనే తప్పిస్తారు,
ఆమె ఉంటే పిల్ల గడప దాటదు గనక.
కింద గీత కూడా గీశాను.

ఓలేటి ఏడుకొండలు లేచాడు. వాళ్ల నాన్న పంటు నడుపుతాడు.
"అయితే చేప చేప కాదాండీ?"
చేపే, కానీ ఇంకోటి కూడా, అన్నాను.
"మరి ఏం చేపండీ?"
నా దగ్గర లేదు.
"పండుగప్ప అయ్యుంటదండి.
పులసైతే తాళంచెవితో సముద్రంలోకి పోద్ది,
మళ్లీ వరదకి గానీ ఎక్కదు.
ఆ పిల్ల ఏడాది కూచోవాలి కదండీ, గట్టు మీద."

ఆ ఏడాదిని
ఏ విశ్లేషణలోనూ చదవలేదు నేను.

తలుపు సంగతి దైవప్రసన్న చెప్పింది,
లాకుల దగ్గర లస్కరుగా చేసిన యోహాను మనవరాలు.
"ఒక తలుపు చాలదండి, రెండుండాలి.
ఎనకది మూస్తేగానీ ముందుది తియ్యకూడదు.
పడవ మజ్జిలో ఆగుద్ది.
నీళ్లు సమానమయ్యేదాకా
అది పై కాలవదీ కాదు, కింది కాలవదీ కాదు."
తాత చెప్పాడట. తను పడవని చూడలేదు.
ఇప్పుడా లాకుల్లో గుర్రపుడెక్క తప్ప ఏదీ దాటదు.

గంట కొట్టాక కూడా పుస్తకంలోంచి తలెత్తని
ఆ రెండు నిమిషాల మొహాలు
నాకప్పుడు తెలిశాయి.
ఇన్నేళ్లూ వాళ్లని మందలించాను.
నీళ్లు సమానమవుతున్నాయి, అంతే.

ముగింపేమయ్యుంటుందని అడిగాను.
చేపని కోసిందన్నారు సగంమంది.
కోసి ఊరుకుంటుందా, చింతకాయేసి వండిందన్నారు మిగతావాళ్లు.
నిద్రలేచిన ఊరంతటికీ కూర చాలుతుందా అని
కాసేపు తగువు.

వెనక బెంచీలో కరుణప్రియ.
వాళ్లమ్మ కువైట్లో
ఎవరి పిల్లల్నో జోకొట్టే పనిలో ఉంది, మూడేళ్లుగా.
మెల్లగా అంది:
"తల్లి లేదని రాశారు గానండి,
ఎక్కడికెళ్లిందో రాయలేదు.
ఆ పన్నెండు పేజీల్లో ఉంటదండి."

గంట కొట్టారు.
ఎవరూ లేవలేదు.

రాత్రి ఫారం ముందేసుకున్నాను.
కథ పేరు రాశాను. విలువ దగ్గర ధైర్యం అని రాసి కొట్టేశాను,
సహనం అని రాసి అదీ కొట్టేశాను.
స్పందన గడిలో మాత్రం
పండుగప్ప కావచ్చు అని రాశాను, గుండ్రటి అక్షరాలతో.

పుస్తకం కరుణప్రియ పట్టుకెళ్లింది,
పలకైన పేజీలు చెదరకుండా గుడ్డలో చుట్టి.
రిజిస్టరులో ఆమె పేరు, తరగతి, సంతకం.
తిరిగి ఇవ్వవలసిన తేదీ దగ్గర
నా పెన్ను
రెండు తలుపుల మజ్జిలో ఆగింది.